నరసప్ప పేరు మీద ఒక మునక

ఊళ్ళో వాళ్ళందరూ మబ్బు పట్టిందంటే వాన వస్తుందా రాదా అని చూసేవాళ్ళు. చంద్రప్ప మాత్రం ఆ మబ్బు ఎవరి చేను మీదికి పోతోందా అని చూసేవాడు. రొద్దం దగ్గర ఆరెకరాల ఎర్రనేల అతనిది. గట్టుకు అవతలి ఆరెకరాలు నరసప్పవి. నరసప్ప అతని పెదనాయన కొడుకు, పదేళ్ళు పెద్దవాడు. తాతల నాటి పన్నెండెకరాలను తాడు వేసి కొలిచి సమంగా పంచుకున్నవే అవి. పెద్దమనుషులు సరిగ్గానే పంచారు గానీ పైవాడు మాత్రం వానను సరిగ్గా పంచడం లేదని చంద్రప్ప గట్టి నమ్మకం. వాన గట్టు దాకా వచ్చి నిలిచిపోతుందట. అబద్ధమంటే ఒప్పుకునేవాడు కాదు. వాన వెలిసీ వెలవకముందే ఒక పుల్ల పట్టుకుని రెండు చేలల్లోనూ గుచ్చి, ఎక్కడ ఎంత తడిసిందో బెత్తలతో కొలిచి వచ్చేవాడు.

అంతమాత్రాన చెడ్డవాడు అనుకోకూడదు. పనిలో అతనికి సాటి వచ్చేవాళ్ళు ఆ ఊళ్ళో ఇద్దరో ముగ్గురో. ఒకరిది ఒక్క కాయ ముట్టి ఎరగడు. కుళ్ళు మాత్రం అతనికి ఆకలిలాగా పూటపూటకూ వేసేది, ఎంత తిన్నా మళ్ళీ వేసేది. భార్య అంజనమ్మ ఎన్నో ఏళ్ళు మందలించి, చివరికి అది కూడా మొగుడి వంట్లో ఒక జబ్బు అనుకుని ఊరుకుంది.

పందొమ్మిది వందల యాభై ఆరులో అన్నదమ్ములిద్దరూ బావులు తవ్వాలనుకున్నారు. నీళ్ళ జాడ చెప్పడానికి పెనుకొండ నుంచి గఫార్ సాయిబును పిలిపించారు. ఆయన రెండుగా చీలిన వేపపంగ చేతబట్టుకుని రెండు చేలూ తిరిగి, నరసప్ప చేలో గట్టు పక్కనే ఒక రాయి పాతాడు. చంద్రప్పకు మటుకు తూర్పు మూల, బండల దగ్గర పాతాడు. ఆ పొద్దున సాయిబు నరసప్ప ఇంట్లో రాగిసంకటి తిన్నాడు. చంద్రప్పకు అది చాలు. అన్నం పెట్టినవాడికి మంచిచోటు చూపించాడనీ, తనను బండల్లోకి తోశాడనీ తేల్చేసుకున్నాడు.

నరసప్ప ముందుగా మొదలుపెట్టాడు. నీళ్ళు పడితే రామేశ్వరం పోయి సముద్రంలో మునుగుతానని మొక్కుకుని గడ్డపార వేశాడు. ఇరవై రెండు అడుగులకే గంగ పైకి తన్నింది. ఊరంతా వచ్చి చూసింది. చంద్రప్ప కూడా వచ్చి, దోసిలితో తాగి, బాగున్నాయన్నాడు. ఇంటికి పోయి రెండు పూటలు అన్నం ముట్టలేదు. మూడోరోజు సాయిబు పాతిన రాయిని అట్లాగే వదిలేసి, గట్టుకు ఇవతల, అన్న బావికి పది గజాల దూరంలో తవ్వడం మొదలుపెట్టాడు. భూమి కింద వాడికొక నీళ్ళూ నాకొక నీళ్ళూ ఉంటాయా అన్నాడు. సాయిబు కబురు చేశాడు, జల అటువైపు పోతోంది, నీ చేలోకి రాదు అని. వింటేగా. నలభై అడుగులు దిగాక నల్లబండ తగిలింది. గడ్డపారలు వంగిపోయాయి. ఆ గుంతలో చివరికి పావురాళ్ళు కాపురం పెట్టాయి.

ఆనాటి నుంచి చంద్రప్ప ఇంటికి తాగే నీళ్ళు నరసప్ప బావి నుంచే. మధ్యాహ్నం పనయ్యాక చంద్రప్ప ఆ బావి దగ్గర తొట్టిలోనే ఒళ్ళు కడుక్కునేవాడు. నరసప్ప ఎద్దులను తోలి కపిల కట్టిన తోలు బానతో నీళ్ళు చేది పోసేవాడు. చల్లగా ఒంటిమీద పడే ప్రతి చెంబుకూ చంద్రప్ప లోపల ఒకటే మంట. అయినా ఒక్కరోజు కూడా మానలేదు.

రెండేళ్ళు గడిచాయి. వేరుశనగ పీకడం అయిపోయి, కార్తీకంలో మొక్కు తీర్చుకుందామని నరసప్ప మూట కట్టుకున్నాడు. ఇంతలో హిందూపురం సంతలో బండి మీద నుంచి పడి తుంటి దగ్గర ఎముక విరిగింది. అక్కడే కట్టు కట్టించుకుని వచ్చాడు గానీ, ఇక దూర ప్రయాణాలు ఈ జన్మకు లేవని తెలిసిపోయింది. చంద్రప్పను పిలిపించి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"మొక్కు నాది, కాళ్ళు నీవి. నువ్వూ అంజనమ్మా పోయి రాండి. నీ మునక నువ్వు మునిగినంక, నా పేరు చెప్పి ఇంకొక్క మునక మునుగు. అంతే నేనడిగేది."

ఆ వైపు అది మామూలే. పోలేనివాళ్ళు పోయేవాళ్ళతో తమ పేరు పంపిస్తారు. పోయినవాడు నీళ్ళలో నిలబడి ఆ పేరు నోరు తెరిచి చెప్పి మునిగితే, ఆ మునక పేరుగలవాడిది అవుతుంది. చెప్పకపోతే కాదు. చంద్రప్ప సరేనన్నాడు. సముద్రం చూడబోతున్నాననే సంతోషం ఒకవైపు, వాడి బావికి నేను పోయి దణ్ణం పెట్టాలా అనే ఉక్రోషం మరొకవైపు. రెండూ మూటలో పెట్టుకునే పెనుకొండ బస్సెక్కాడు.

ధర్మవరం స్టేషన్లో టిక్కెట్లిచ్చే ఆయన, ఈ కాలంలో ఎవరూ పోరే, అక్కడ ఒకటే వానలు, ఎండాకాలం పోకూడదా అన్నాడు. వాన పడుతుందని మానుకునే మనుషులు కూడా ఉంటారని చంద్రప్ప అప్పుడే విన్నాడు. మూడుచోట్ల బండ్లు మారారు. చివరి రోజు తెల్లవారుజామున బండి సముద్రం మీది వంతెన ఎక్కింది. అంజనమ్మ కళ్ళు మూసుకుంది. చంద్రప్ప కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. వాన పడుతోంది. నేల మీద కాదు, సముద్రం మీద. కనుచూపు మేర నీళ్ళు, ఆ నీళ్ళ మీద ధారగా నీళ్ళు.

"ఈడ పోస్తాండాడా దేవుడు," అన్నాడు చంద్రప్ప. "మనకు పెట్టకుండా ఈడ పోస్తాండాడు."

నాలుగు రోజులున్నారు ఆ దీవిలో. సత్రంలో వీళ్ళు కాక ఇంకొక్క కుటుంబమే ఉంది. దుకాణాలు సగం మూసి ఉన్నాయి. వీధుల్లో మేకలు తప్ప మనుషులు లేరు. పడవలు ఒడ్డున బోర్లా పడి ఉన్నాయి. వాన ఎప్పుడు మొదలయ్యేదో ఎప్పుడు ఆగేదో లెక్కలేదు. మనవైపు లాగా గాలి తోలడం, ఉరమడం, ఊరించడం ఏమీ లేదు. ఊరికే పడేది. అక్కడివాళ్ళు తల ఎత్తి చూసేవాళ్ళు కూడా కాదు. శంఖాలమ్మే ఒక ముసలాయన వచ్చీరాని తెలుగులో, పాడు వాన, ముదనష్టపు వాన, బేరాలు లేకుండా చేసింది అని తిడుతుంటే చంద్రప్పకు ఒళ్ళు మండిపోయింది. వానను తిట్టేవాణ్ణి అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అంజనమ్మ రెక్క పట్టుకుని లాక్కుపోకపోతే ఆ ముసలాయనతో కలబడేవాడే.

అంతకన్నా పెద్ద దెబ్బ గుడిలో తగిలింది. సముద్రస్నానం తర్వాత గుడిలోని బావుల నీళ్ళు పోసుకోవాలి, అవి ఎలా ఉంటాయో చూద్దామని ముందురోజే లోపలికి వెళ్ళారు. ఒకటి కాదు, రెండు కాదు, ఇరవై రెండు బావులు. చుట్టూ ఉప్పు సముద్రం, మధ్యలో ఇసుక, ఆ ఇసుకలో ఇన్ని బావులు. చంద్రప్ప కొన్నింటి నీళ్ళు దోసిట్లో పట్టి రుచి చూశాడు. ఉప్పు లేదు. ఒక గుడికి ఇరవై రెండు. నలభై అడుగులు తవ్విన తనకు పావురాళ్ళు. ఆ రాత్రి సత్రం చూరు కింద పడుకుని వాన చప్పుడు వింటూ, నరసప్ప మీద ఉన్న కుళ్ళు ఈ దీవికి కూడా సరిపోతుందా అన్నట్టు లోపల్లోపల రగిలిపోయాడు.

మరునాడు పొద్దున సముద్రంలో దిగారు. నడుములోతున నిలబడితే పైన వాన, కింద అలలు. తన పేరు చెప్పుకుని మునిగాడు. అంజనమ్మ మునిగింది. ఇక అన్న పేరు చెప్పాలి. నోరు తెరిచాడు. ఉప్పునీళ్ళు పోయాయి గానీ పేరు రాలేదు. ఇరవై రెండు అడుగులకే నీళ్ళు పడ్డవాడికి ఇంకా ఏం తక్కువైంది? పేరు చెప్పి మునిగితే ఆ బావి ఎప్పటికీ వాడిదే అవుతుంది అనిపించింది. చంద్రప్ప కళ్ళు మూసుకుని, రెండోసారి కూడా తన పేరే చెప్పుకుని, నాకూ నీళ్ళు పడాలి అని మునిగి లేచాడు.

ఒడ్డుకు వస్తుంటే, వాన హోరులో వినపడలేదు, బావ పేరు చెప్పినావా అని అడిగింది అంజనమ్మ.

"చెప్పినా," అన్నాడు.

ఊరికి వచ్చి అన్నకు ఒక శంఖం, గుడ్డలో కట్టి తెచ్చిన సముద్రపు ఇసుక ఇచ్చాడు. మునిగానని చెప్పాడు. నరసప్ప రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. తర్వాత చంద్రప్ప ఊహించనిది ఒకటి జరిగింది. ఆ సాయంత్రమూ, మరుసటి సాయంత్రమూ, ఇక రోజూ, నరసప్ప అతణ్ణి మంచం పక్కన కూర్చోబెట్టుకుని సముద్రం సంగతి చెప్పమనేవాడు. వంతెన ఎంత పొడవు, వాన ఎట్లా పడింది, నువ్వు నీళ్ళలో దిగినప్పుడు ఎట్లా ఉండింది. చెప్పిందే మళ్ళీ చెప్పమనేవాడు. అన్న కళ్ళలోకి చూస్తే చంద్రప్పకు ఒక సంగతి అర్థమైంది. వీడు నన్ను చూసి కుళ్ళుకుంటున్నాడు. పుట్టిన తర్వాత మొదటిసారి ఒకడు తనను చూసి కుళ్ళుకుంటున్నాడు. ఆ రుచి మరిగాక చంద్రప్ప వంతెనను కొంచెం పొడవు చేశాడు, అలలను కొంచెం ఎత్తు చేశాడు. నీళ్ళలో దిగిన దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎందుకో దగ్గు వచ్చేది, లేచి వెళ్ళిపోయేవాడు.

నరసప్ప లేచి కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. కాలు కుంటిగానే మిగిలింది. మరుసటి ఏడు వానలు మొహం చాటేశాయి. అరవయ్యో సంవత్సరం ఎండాకాలం వచ్చేసరికి నరసప్ప బావిలో నీళ్ళు మెట్టు మెట్టుగా దిగిపోయాయి. కపిల ఆపేశారు. ఊళ్ళో వాళ్ళు చూసి నోరు చప్పరించి పోతున్నారు. చంద్రప్పకు రెండు రోజులు ఒళ్ళు తేలిగ్గా ఉంది. మూడోరోజు పొద్దున్నే మెలకువ వచ్చి, మొక్కు తీరలేదు కదా, అందుకే ఎండిపోతోంది అనే మాట గుండెలో పడింది. ఎండగొట్టింది దేవుడు కాదు, తానే. అన్నకు ఆ కాలుతో మళ్ళీ రామేశ్వరం పోయే దారి లేదు. ఆ పేరు మోసుకుపోయినవాడు తనొక్కడే, దాన్ని నీళ్ళలో వేయకుండా వెనక్కి తెచ్చినవాడూ తనే. ఆ బావి ఎండితే రెండు ఇళ్ళకూ తాగే నీళ్ళు లేవు. భయం పట్టుకుంది. భయంలో కూడా, నా బావికి ఎండే యోగం కూడా లేదే అనిపించిందంటే ఆ మనిషి ఎట్లాంటివాడో చూడండి.

మధ్యాహ్నం వెళ్ళేసరికి నరసప్ప బావి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. చంద్రప్ప నిలబడే చెప్పాడు.

"అన్నా, ఆడ నీ పేరు చెప్పి మునగలేదు నేను."

నరసప్ప బావిలోకే చూస్తూ, "తెలుసు," అన్నాడు.

"యెవురు చెప్పినారు? మా ఇంట్లోదా?"

"యెవురూ చెప్పలేదు. పోకముందు దినామూ ఈ తొట్టి కాడ నీళ్ళు పోసుకుంటాంటివి. పోయొచ్చినంక ఒక్కనాడన్నా ఈడ చెయ్యి కడుక్కున్న్యావా?"

చంద్రప్ప తొట్టి వైపు చూశాడు. నిజమే. ఏడాదిన్నరగా దుమ్ము కొట్టుకున్న ఒంటితోనే ఇంటికి పోతున్నాడు. ఎందుకో తనకే తెలియదనుకున్నాడు.

"మరి దినామూ సముద్రం కత చెప్పమంటివి గదా."

"చెప్తా చెప్తా ఆ మాట కూడా చెప్తావేమోనని చూస్తాంటి."

ఇది మాత్రం చంద్రప్పకు తగలాల్సిన చోట తగిలింది. ఏడాదిన్నర పాటు తాను తిన్న తీపంతా ఉత్తదే అయింది. సిగ్గు విడిచి అడిగేశాడు.

"అయితే నేను సముద్రం చూసినానని నీకు ఈర్ష్య ల్యాదా?"

నరసప్ప నవ్వలేదు. "ల్యాకేం. శానా ఉండాది. నీళ్ళు నాకిచ్చి, సముద్రం నీకు చూపించినాడే దేవుడు అని దినామూ అనుకుంటా," అన్నాడు. తర్వాత కర్రతో బావిలోకి చూపించాడు. "నాకు పోనీకి కాళ్ళు ల్యావు, నీకు మళ్ళా పోనీకి తీరదు. ఆ ఇసుక ఇంట్లోనే ఉండాది. తెచ్చి ఈడ చల్లి, నా పేరు చెప్పి ఈడనే మునుగు. ఆయప్పకు ఈ నీళ్ళు తెలీవా?"

చంద్రప్ప వెళ్ళి ఇసుక మూట తెచ్చాడు. మెట్లు దిగాడు. ఒకప్పుడు ఏడో మెట్టు దగ్గరే నీళ్ళు కాలికి తగిలేవి, ఇప్పుడు అడుగు దాకా దిగాల్సి వచ్చింది. మోకాటిలోతున నిలబడి గుప్పెడు ఇసుక చల్లాడు. ఆ నీళ్ళలో మునగాలంటే కూర్చోవాలి, తల వంచాలి. వంచాడు. నరసప్ప అని బావి దద్దరిల్లేలా అన్నాడు. గట్టు మీద అన్నకు వినపడింది. అవతల గుంతలోని పావురాళ్ళు లేచిపోయాయి.

మునిగి లేచేటప్పుడు నీళ్ళు నోట్లో పడ్డాయి. చల్లగా, తియ్యగా ఉన్నాయి. ఇంత ఎండలో, ఇంత అడుగున, అడుసు కలిసి కూడా ఎంత తియ్యగా ఉన్నాయో అనుకునేసరికి చంద్రప్పకు కడుపులో మళ్ళీ ఆ పాత మంటే లేచింది. ఇంకో దోసిలి తాగాడు. తర్వాత అక్కడే కూర్చుని, ఏడాదిన్నర మట్టి పోయేలా ఒళ్ళు రుద్దుకోవడం మొదలుపెట్టాడు.