సినిమా సంబరంలో బావ పాట

ఆర్కెస్ట్రా స్పీకరుకి రెండు గజాల దూరంలో కూర్చోవడం నా అలవాటు. ఈ మధ్య కుడి చెవి కాస్త తక్కువగా వినిపిస్తోందంటే దానికి వయసొక్కటే కారణం కాదు. విజయనగరంలో డిగ్రీ చదివిన మూడేళ్ళూ నేను క్లాసులకంటే సంబరాలకే క్రమం తప్పకుండా హాజరయ్యాను. సంబరమంటే మా వైపు గ్రామదేవత పండగ. ఆ రోజు ఊరు పని మానేస్తుంది. పెళ్ళిచేసి పంపిన ఆడపిల్లల్ని అల్లుళ్ళతో సహా పిలుచుకుంటుంది. స్టేజీ కట్టి ఆర్కెస్ట్రా పెడుతుంది. తర్వాత రాజాంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్సు చెప్పే ఉద్యోగం దొరికింది. ఉద్యోగం వస్తే మారతానని మా అమ్మ ఆశపడింది. మారాను. అంతవరకూ సైకిలు మీద వెళ్ళేవాణ్ణి, ఆ తర్వాత బండి మీద వెళ్ళాను.

ఆ ఆర్కెస్ట్రాల్లో ఒకదానిలో కీబోర్డు వాయించేవాడు మా బావ. మేనమామ కొడుకు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. చుట్టరికం కొద్దీ అభిమానినయ్యానని చాలామంది అనుకునేవారు. మిగతా చుట్టాలెవరూ అవలేదు కాబట్టి ఆ వాదన నిలబడదు.

బావకి సొంతంగా పాటలు కట్టే అలవాటుంది. మా దగ్గర పాటంటే ఏదో ఒక సినిమాలోది అయి ఉండాలి. పాట ఎత్తుకోగానే జనం అడిగే మొదటి మాట ‘ఏ సినిమాలోది?’ అని. ఏ సినిమాలోదీ కాదంటే ఊరూ పేరూ లేని మనిషిని చూసినట్టు చూస్తారు. అయినా బావ పట్టు వదలకుండా రెండు హిట్టు పాటల మధ్య తన పాట ఒకటి దూర్చేవాడు. పల్లవి అయ్యేసరికి సంబరం కమిటీ వాళ్ళ దగ్గర నుంచి చీటీ వచ్చేది, ఇది ఆపి ఫలానా పాట కొట్టమని. బావ ఆపి ఫలానా పాట కొట్టేవాడు. అలా పదేళ్ళలో అతని పల్లవులన్నీ నాకు నోటికొచ్చాయి. చరణాలు అతనికే సరిగ్గా రావు. అవసరం పడలేదు.

ఈలోగా ఊళ్ళలోకి డీజే బాక్సులు దిగాయి. పదిమంది చేసే పని ఒక పెన్‌డ్రైవు చేస్తుంటే పదిమందికి భోజనాలెందుకని కమిటీలు ఆలోచించడం మొదలుపెట్టాయి. బావ ట్రూపు విడిపోయింది. డ్రమ్స్ వాయించే ఆయన ఆటో తీసుకున్నాడు. బావని వాళ్ళ మామగారు రాజాంలోని తన ధాన్యం కొట్లో కూర్చోమన్నారు. బావ కూర్చున్నాడు. కీబోర్డు కొనుక్కుంటామని పార్వతీపురం నుంచి ఎవరో ఫోను చేస్తే, పై వారం సోమవారం వచ్చి చూసుకోమన్నాడు.

“ఏటి బావా, నిజంగా అమ్మేస్తావేటి?” అన్నాను.

“ఉంచుకుని ఏటి సేస్తాన్రా. ఒడ్ల బస్తాలకి పాడి ఇనిపించాలా?” అన్నాడు. తర్వాత, “ఒక్క పాట మొదలెట్టి ఆకరిదాకా జనం ముందు పాడుంటే ఇంత ఇదుండకపోను” అన్నాడు.

‘ఇది’ అంటే ఏమిటో అతను చెప్పలేదు. సోమవారానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆ తొమ్మిది రోజుల్లో బావ చేత ఒక్క పాట పూర్తిగా పాడించాలని మాత్రం అనుకున్నాను.

నాకు భావనపాడులో ఒక స్నేహితుడున్నాడు. డిగ్రీలో నా పక్క బెంచీ. సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం వాళ్ళది. వీడికి మాత్రం చిన్న సినిమాల పిచ్చి. పెద్ద హీరోలు లేనివి, పాటలు లేనివి, ఒక్కోసారి కథ కూడా లేనివి. ఇద్దరం కలిసి పలాసలో జనరల్ బోగీ ఎక్కి భువనేశ్వర్లో ఫిల్మ్ ఫెస్టివల్‌కి వెళ్ళేవాళ్ళం. రోజుకి నాలుగు సినిమాలు. మెడలో కార్డు వేసుకుని, ఎవరో ఇచ్చిన టీ తాగుతూ, ఇరాన్ నుంచి వచ్చిన సినిమాని ఇంగ్లీషు అక్షరాల్లో చదువుకుంటూ, పక్కన ఒరియా వాళ్ళు నవ్విన చోట మేమూ నవ్వుతూ మూడు రోజులు గడిపేవాళ్ళం. అంత సుఖం నేను ఇంకెక్కడా పడలేదు. తిరిగి వస్తే మా అమ్మ ‘ఎవలి సినిమారా?’ అనేది. చెప్పేవాణ్ణి. ఆవిడ ఇంకేమీ అడిగేది కాదు.

సరిగ్గా ఆ సోమవారానికి ముందురోజు, ఆదివారమే, స్నేహితుడు తన ఊళ్ళో అలాంటి ఫెస్టివల్ ఒకటి పెడుతున్నాడు. అయిదు చిన్న సినిమాలు, అందులో ఒకటి తను తీసిందే. ఊళ్ళోని తుఫాను షెల్టరులో, మధ్యాహ్నం పూట, కిటికీలకి పడవల మీద కప్పే టార్పాలిన్లు కట్టి చీకటి చేసి వేస్తామన్నాడు. మధ్యలో విరామం ఉంటుందన్నాడు. విరామంలో బావ పాట పెట్టమన్నాను.

“నలబైమంది వస్తే గొప్ప. అందులో సగంమంది నిద్దరోతారు” అన్నాడు.

“నిద్దరోయే జనం చీటీలు రాయరు కదా. పెట్టు” అన్నాను.

ఇక ఫ్లెక్సీ మిగిలింది. ఫిల్మ్ ఫెస్టివల్‌ని తెలుగులో ఏమనాలి? చలనచిత్రోత్సవం అన్నాను.

“అది సదివేలోపల సినిమా అయిపోతాది. సినిమా సంబరం అందాం” అన్నాడు స్నేహితుడు. పలకడానికి బాగుంది. నేను కామర్సు మనిషిని, వాడు సముద్రం మనిషి, ఇద్దరికీ ఆ మాట పుట్టినప్పటి నుంచీ తెలుసు. అయినా అందులో ఇద్దరికీ ఏ ఇబ్బందీ కనబడలేదు.

ఫ్లెక్సీ నేను రాజాంలో కొట్టించి బస్సులో భావనపాడు పంపాను. షాపులో కుర్రాడు ‘సంబరం’ అన్న మాట వినగానే కంప్యూటర్లో ఉన్న సంబరం డిజైను తీశాడు. మామిడాకులు, రెండు దీపాలు, చుట్టూ పసుపు రంగు. మధ్యలో మా వివరాలు పెట్టాడు. నేను సినిమాల పేర్లలో అచ్చుతప్పులున్నాయేమోనని రెండుసార్లు చూశాను. లేవు. కింద ‘భక్తులెల్లరూ బంధుమిత్ర సమేతంగా విచ్చేయ ప్రార్థన’ అన్న పాత లైను అలాగే ఉండిపోయింది. అందులోనూ అచ్చుతప్పులు లేవు.

ఆదివారం పొద్దున్నే బావా నేనూ కీబోర్డుని దుప్పట్లో చుట్టుకుని బయల్దేరాం. టెక్కలిలో ఎక్కిన ఆటోలో ఒక కొత్తజంట, డజను అరటిపళ్ళు, స్వీటు పాకెట్టు కూడా ఎక్కాయి. అల్లుడు ఎందుకో అనుమానంగా ఉన్నాడు.

“ఏ అమ్మోరి సంబరవే ఇది? మీ అమ్మోరి సంబరం వైశాఖంలో కదా” అన్నాడు పెళ్ళాంతో.

“నాకేటి తెలుసు. మా యమ్మ పోను సేసింది. సినిమా అమ్మోరంట” అంది ఆ పిల్ల.

బావ నా వైపు చూశాడు. నేను సముద్రం వైపు చూశాను. అది ఇంకా నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది.

ఊళ్ళోకి వెళ్ళేసరికి ఒడ్డున పడవలన్నీ వరసగా ఉన్నాయి. సంబరం రోజు వేటకెళ్ళరు కాబట్టి ఎవరూ వెళ్ళలేదు. ఇళ్ళలో మసాలా నూరుతున్నారు. షెల్టరు ముందు ఎవరో రెండు అరటిచెట్లు కూడా పాతారు. స్నేహితుడు గోడకానుకుని నిలబడి ఉన్నాడు. నలభైమందికి తెచ్చిన బిస్కెట్ పాకెట్లు వాడి చేతిలో ఉన్నాయి.

“అమ్మోరు కాదు, వట్టి సినిమాలే అని సెప్పలేకపోయావా?” అన్నాను.

“పొద్దున్నించి అదే సెప్తన్నాను. ‘సర్లే, సినిమా వేసే ముందు సంబరం సేసీ’మంటన్నారు.”

మధ్యాహ్నం మూడింటికి షెల్టరు నిండిపోయింది. మెట్ల మీద కూడా కూర్చున్నారు. ముందు వరసలో నడుం మీద చెయ్యి వేసుకుని స్నేహితుడి అమ్మమ్మ కూర్చుంది. ఎండుచేపల వ్యాపారం చేసిన మనిషి. టెక్కలి సంతలో ఆవిడ గొంతు వింటే బేరాలు వాటంతటవే తెగేవట. స్నేహితుడు ప్రొజెక్టరు పెట్టబోతుంటే ఆపింది.

“సంబరమన్నాక ముందు పాట ఉండాల. ఏడిరా ఆ పెట్టె వాయించే బాబు?”

విరామంలో సగం నిద్రపోయే నలభైమంది కోసం తెచ్చిన మనిషి, మెలకువగా ఉన్న నాలుగు వందలమంది ముందు నిలబడాల్సి వచ్చింది. బావ కీబోర్డు ఆన్ చేశాడు. వేళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

అతను ఎత్తుకున్న పాట రాజాం బస్సు కాంప్లెక్సులో విజయనగరం బస్సు కోసం చూస్తూ కట్టింది. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

‘నువ్వొస్తావని సెప్పినారు, ఏ ఏలకో సెప్పనేదు
దుమ్ము రేగితే లేచినాను, నువ్వు కాదని కూకున్నాను’

పల్లవి రెండోసారి తిరగేసరికి, నేను అనుకున్న చోటే, వెనక నుంచి కేక వచ్చింది.

“ఇది ఏ సినిమాలోదిరా? తెలిసిన పాట కొట్టరా బావూ.”

ఇంకొకడు ఈల వేశాడు. బావ వేళ్ళు నెమ్మదించాయి. పదేళ్ళ అలవాటు. ఆపమన్న చోట ఆపడం ఆ వేళ్ళకి వచ్చేసింది. నేను నేల వైపు చూశాను.

అప్పుడు అమ్మమ్మ లేవకుండానే వెనక్కి తిరిగింది.

“ఎవడ్రా అది. సంబరంలో మొదటి పాట అమ్మోరిది. మజ్జిలో ఆపితే ఈ యేడు నీ వల్లో సేప పడతాదా? నోర్మూసుకుని ఇను.” తర్వాత బావ వైపు తిరిగి, “నువ్వు కానీ, నాయనా” అంది.

ఈల ఆగింది. గుమ్మంలో నిలబడ్డవాళ్ళు కూడా కూర్చున్నారు. మొదటి పాట ఆగకూడదన్నది ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన నియమమే. ఆ వారమంతా కొట్లో కూర్చుని సరిచేసుకున్న చరణంలోకి బావ దిగాడు. ఆ చరణం నేనూ ఎప్పుడూ వినలేదు.

బాగుంది. నేను అనుకున్నదానికంటే బాగుంది. నిండుగా వచ్చి ఆగకుండా వెళ్ళిపోయే బస్సుని, ‘నిండుగా వస్తావు, నిలబడితే సూడవు’ అని అడుగుతుంటే ఇద్దరు ముసలమ్మలు చేతులు జోడించారు. రెండో చరణంలో ‘కిటికీ పక్క సీటు’ అని ఉందట, తర్వాత చెప్పాడు. బావ ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం అమ్మమ్మ వైపు చూసి, ‘నీ పక్కన చోటు’ అని పాడాడు. కవి పట్టు విడిచిన సందర్భం అదొక్కటే. ఆఖరి పల్లవి అందుకునేసరికి పిల్లలు పాడుతున్నారు, వాళ్ళ వెనక ఆడవాళ్ళు పాడుతున్నారు. పాట అయిపోయింది. అంటే ఎవరూ ఆపలేదు, దానంతటది అయిపోయింది. బావ చేతులు కీబోర్డు మీదే ఉంచి, తర్వాత ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడ్డాడు. పాట పూర్తయ్యాక ఏం చెయ్యాలో అతను ఎప్పుడూ నేర్చుకోలేదు మరి.

తర్వాత సినిమాలు వేశారు. స్నేహితుడి సినిమాలో వాళ్ళ చిన్నాన్న వల బాగుచేస్తాడు. పదకొండు నిమిషాలు, మాటల్లేవు. భువనేశ్వర్లో దాన్ని చూసి ఒకాయన మౌనం గురించి చాలాసేపు మాట్లాడాడు. ఇక్కడ మూడో నిమిషంలో ఒక పెద్దమనిషి లేచి, “ఆ ముడి తప్పురా” అన్నాడు. చిన్నాన్న జనంలోనే ఉన్నాడు. కెమెరా ముందు కంగారుపడ్డానని ఒప్పుకున్నాడు. ఆ ముడి మీద చర్చ సినిమా అయ్యాక కూడా సాగింది. ఒక్కరూ నిద్రపోలేదు. స్నేహితుడు మాత్రం తన జీవితంలో ఇంత శ్రద్ధగా ఎవరూ తన సినిమా చూడలేదని తర్వాత ఒప్పుకున్నాడు.

సాయంత్రం వాళ్ళింటి అరుగు మీద టీ తాగుతుంటే బావకి మనసు ఆగలేదు.

“అమ్మమ్మా, ఒక మాట. అది అమ్మోరి పాట కాదు. బస్సు పాట.”

“తెలుసు” అంది ఆవిడ.

“తెలుసా?”

“టెక్కలి బస్సు కోసం గంప నెత్తినెట్టుకుని నాను ఎన్నేళ్ళు నిలబడ్డానో నీకేటి తెలుసు. దుమ్ము రేగితే లేచినానన్నావు. అమ్మోరు వచ్చినప్పుడు డప్పులు మోగుతాయి గానీ దుమ్మెందుకు రేగుతాది?”

“మరి అమ్మోరి పాట అని ఎందుకన్నావు?” అన్నాను నేను.

“అనకపోతే ఇంటారేటి ఈ ఎదవలు. బాగుందని నాను ఇందామంటే గోల సేస్తన్నారు.” టీ గ్లాసు కింద పెట్టింది. “ఆ ‘సోటు’ అన్న ముక్క మార్సేవు కదా. అక్కడ ఏదో అతుకేసినట్టుంది. సరిగ్గా ఏటున్నాదో అది పాడు.”

బావ అక్కడే, కీబోర్డు లేకుండా, సీటుతో సహా పాడాడు. ఆవిడ తలూపి, చేపల పులుసు ఉందని తినమంది.

సోమవారం పార్వతీపురం ఆయన ధాన్యం కొట్టుకి వచ్చాడు. బావ అతన్ని బస్తా మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, అమ్మడం లేదని చెప్పాడు. ఇంతదూరం రప్పించి ఇదేమిటని ఆయన అడిగాడు. ఆయన అడగడంలో న్యాయముంది. బావ ఒప్పుకుని ఇంకో టీ తెప్పించాడు. వాళ్ళ మామగారు లెక్కల పుస్తకం మీంచి తల ఎత్తి చూసి, మళ్ళీ దించుకున్నారు. అంతకంటే పెద్ద గొడవేమీ జరగలేదు.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం కొట్టు వెనక, ఒడ్ల బస్తాల మధ్య కీబోర్డు పెట్టుకుని బావ కొత్త పాట వినిపించాడు. పల్లవి బాగుంది. మొదటి చరణం రెండో లైను దగ్గర నేను చెయ్యెత్తాను.

“ఏటి?” అన్నాడు, వాయించడం ఆపి.

“ఆ లైను బాగులేదు బావా.”

పదేళ్ళలో నేను అతన్ని ఆపడం అదే మొదటిసారి. ఎవరూ పూర్తిగా పాడనివ్వని మనిషిని అంతవరకూ నేను కూడా ఎలా ఆపుతాను? బావకి కోపం వస్తుందేమో అనుకున్నాను.

“నాకూ అలగే అనిపిస్తంది” అన్నాడు. పెన్ను కోసం జేబు తడుముకుని, లేకపోతే నాది అడిగి తీసుకున్నాడు.