రెండు గదుల ఒప్పందం

ఆ రోజుల్లో కొత్తగా పెళ్లైన వాళ్లకు ఇల్లు దొరికిందంటే ఒక గది దొరికిందనే అర్థం. మాకూ అలాగే చీరాలలో ఒక పోర్షన్ దొరికింది. ఒక గది, దాని వెనక తల వంచుకుని దూరాల్సిన వంటిల్లు. ఇద్దరం టీచర్లమే. నేను చిన్నబడిలో, మా ఆయన హైస్కూల్లో లెక్కలు. ఉద్యోగం చేస్తూనే నేను ప్రైవేటుగా బి.ఏ.కు కట్టాను. ఆయనకు చర్చిలో హార్మోనియం వాయించాలని కోరిక. (కోరిక అని ఎందుకంటున్నానంటే అప్పటికి అది వాయించడం దాకా రాలేదు.) ఒకే గదిలో ఒక మూల నేను చరిత్ర బట్టీ పడుతుంటే ఇంకో మూల ఆయన ఒకే పాట పల్లవిని పట్టుకుని గంటసేపు లాగేవారు. ఏ రాజు తర్వాత ఏ రాజు వచ్చాడో ఇప్పటికీ నాకు ఆ పల్లవితో కలిపే గుర్తొస్తుంది.

అలాంటిది, ఇద్దరికీ మార్టూరు వైపు బదిలీ అయ్యేసరికి ఏకంగా ఒక కొత్త ఇల్లు దొరికింది. ఇంటాయన మిరప రైతు. కొడుకు కోసం కట్టిస్తే ఆ కొడుకు కాస్తా ఇల్లరికం వెళ్లిపోయాడట. ఆ కోపంతో, "ఎవురుంటే నాకేం, టీచర్లు గదా, గోడలకు మేకులు కొట్టకుండా ఉండండి చాలు" అని మాకు ఇచ్చేశారు. వరండా, హాలు, వంటిల్లు, హాలుకు అటొకటి ఇటొకటి గదులు. ఇద్దరు మనుషులకు రెండు గదులు మిగిలిపోయాయి! మొదటిరోజు సామాను కూడా విప్పకుండా ఈ గదిలోంచి ఆ గదిలోకి, ఆ గదిలోంచి ఈ గదిలోకి ఊరికే తిరిగాం.

తిరిగి తిరిగి అలిశాక పేచీ మొదలైంది. తూర్పు గదికి పెద్ద కిటికీ, గాలి. పడమటి గదికి గోడలో అలమర, మధ్యాహ్నం నుంచి ఎండ. ఇద్దరికీ తూర్పు గదే కావాలి. "ఎండ తగిలితే హార్మోనియం చెక్క బీటలిస్తుంది" అన్నారాయన. "నా బుర్ర బీటలిస్తే ఫర్వాలేదా?" అన్నాను. రెండు రోజులు వాదించుకుని, చివరకు చదువుకున్న వాళ్లం కదా అని కాగితం మీద ఒప్పందం రాసుకున్నాం. తూర్పు గది నాది, పడమటి గది ఆయనది. ఎవరి గది వారిదే. అనుమతి లేకుండా ఒకరి గదిలో ఒకరు అడుగు పెట్టరాదు. అలా మొదలై, హార్మోనియం ఉదయం గంట, సాయంత్రం గంట అనీ, వంట చేయనివారు అంట్లు తోమవలెననీ, బి.ఏ. పరీక్షలు ముగిసిన రోజున ఈ కాగితం చెల్లదనీ రాసి, కింద ఇద్దరం సంతకాలు పెట్టి, హాలు గోడకు అన్నం మెతుకులతో అంటించాం. (మేకులు కొట్టొద్దన్నారుగా.) సరదాకి రాసుకున్నదే గాని నాకు మాత్రం అది చాలా గొప్పగా ఉండేది. సాయంత్రం టీ గ్లాసుతో వచ్చి తలుపు తట్టి, "లోపలికి రావచ్చా టీచరుగారూ?" అని ఆయన అడుగుతుంటే, నా జన్మలో నన్ను అడిగి గదిలోకి వచ్చిన మొదటి మనిషి ఈయనే కదా అనుకునేదాన్ని.

ఇక్కడ మంచం సంగతి చెప్పాలి. మా నాన్న వేటపాలెంలో వడ్రంగి. నా పెళ్లికి టేకుతో పెద్ద మంచం తనే చేశారు. చీరాల గదిలో పట్టదని తన దగ్గరే ఉంచుకుని, ఈ ఇల్లు దొరికిందనగానే ట్రాక్టర్లో పంపించారు. ఊడదీసే మంచాలు నాన్నకు గిట్టవు. "ఊడదీసే మంచం చేసేవాడికి కాపురం మీద నమ్మకం లేనట్టే" అనేవారు. నమ్మకం గట్టిదే గాని ఆ మంచం మా రెండు గదుల్లో దేని ద్వారబంధంలోనూ పట్టలేదు. హాల్లో వేస్తే మనుషులు నడవడానికి చోటుండదు. చేసేదిలేక వరండాలో గోడకు నిలబెట్టి, ఎండకు పాడవకుండా ఇంటాయన ఇచ్చిన ఖాళీ మిరపకాయల గోతాలు కప్పి తాడుతో కట్టేశాం. గదికొక నులక మంచం వేసుకున్నాం. (ఆ మంచాలను చూసి ఎవరికి ఏమనిపించినా, మేం మరీ అంత దూరంగా ఏమీ లేం. మనవలు చదువుతారు, ఇంతకంటే రాయను.)

పరీక్షలు ఇంకో నెలలో ఉన్నాయనగా ఒక శనివారం, సెలవు. ఆయన ఈస్టర్ పాటల కోసం రోజంతా హార్మోనియం వాయించుకోవడానికి నా దగ్గర ప్రత్యేక అనుమతి తీసుకుని తన గది తలుపేసుకున్నారు. నేను చెవుల్లో దూది కుక్కుకుని నా గది తలుపేసుకున్నాను. మధ్యాహ్నం ఆకలేసి బయటికి వస్తే వరండాలో ఒక గుడ్డ సంచి. అందులో పాత హార్లిక్స్ సీసా నిండా గోంగూర పచ్చడి, పాత చీర ముక్కలో మూటగట్టిన వేరుశనక్కాయలు. అది మా అత్తమ్మ సంచి. సంచి ఉంది, అత్తమ్మ లేదు.

ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాండుకు పరిగెత్తారు. వట్టి చేతులతో తిరిగొచ్చి, "అమ్మ తలుపు కొట్టి ఉంటది. మనం తియ్యలేదు. అలిగి వెళ్లిపోయింది" అని కూలబడ్డారు. అత్తమ్మ మనసు మంచిదే కానీ నోరు పెద్దది. చిలకలూరిపేట దగ్గర పల్లెలో మిరక్కోతలకు, పత్తి తీతలకు వెళ్లి ఒంటిచేత్తో కొడుకును టీచర్ని చేసిన మనిషి. అంతదూరం నుంచి వస్తే కోడలు తలుపు తియ్యలేదు! ఎందుకు తియ్యలేదంటే చదువుకుంటోందట! ఇక నా చదువు పని అయిపోయిందనే అనుకున్నాను. ఆ రోజు పుస్తకం ముందు కూర్చున్నా ఒక్క ముక్క ఎక్కలేదు. పక్క గదిలో హార్మోనియం కూడా నోరెత్తలేదు.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం అన్నాలయ్యే వేళకు గేటు చప్పుడైంది. ముందు అత్తమ్మ, వెనక మా నాన్న, ఆయన వెనక మాకు పెళ్లి చేసిన పాస్టరుగారు. ఆయన్ని మేమంతా అయ్యగారనేవాళ్లం. ముగ్గురి మొహాలూ చావింటికి వచ్చినట్టున్నాయి. తలుపు తియ్యనందుకు పాస్టరుగారిని కూడా తీసుకొస్తారా అనుకున్నాను. నేను మంచినీళ్లు ఇచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. మా ఆయనే ధైర్యం చేశారు.

"అయ్యగారూ, తప్పు మాదేనండి. తలుపులేసుకుని కూర్చున్నాం."

"ఎన్నాళ్ల నుంచి నాయనా?" అన్నారు అయ్యగారు మెల్లగా.

"ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచీనండి."

మా నాన్న తల పట్టుకున్నారు. "ఎవరి గదిలో వాళ్లా?"

"అవునండి. ఇద్దరం అనుకునే చేశాం. గొడవలేం లేవు."

"గొడవ లేకుండానే ఇంత పని చేశారా!" అని అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎప్పటికైనా కలిసే ఉద్దేశం ఉందా బాబూ?" అన్నారు నాన్న.

"పరీక్షలయ్యే దాకేనండి."

అయ్యగారు కళ్లు మూసుకుని, "పరీక్షలు అందరికీ వస్తాయి నాయనా. దేవుడే తన బిడ్డలకు పెడతాడు" అన్నారు.

"దేవుడు కాదండీ," అన్నాను నేను ఉండబట్టలేక, "యూనివర్సిటీ వాళ్లు పెడతారు. వచ్చే నెల."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అప్పుడు అత్తమ్మ లేచి నేరుగా గోడ దగ్గరికెళ్లి కాగితం మీద చెయ్యేసింది. "ఇదేందిరా అబ్బయ్యా? నేను నిన్న వస్తే వీధి తలుపు తీసే ఉంది, రెండు గదుల తలుపులూ మూసున్నాయి. పెళ్లిమంచాన్ని గోతాల్లో గట్టి బయట పడేశారు. గోడకేమో కాగితం. ఇదేందమ్మా అని పక్కింటామెను బతిమాలి చదివించుకున్నా. ఎవురి గది వాళ్లదే, ఒకరి గదిలో ఒకరు అడుగు పెట్టగూడదు అనుందంట. కింద సంతకాలు కూడా పెట్టుకున్నారంట! ఇడాకుల కాగితం గోడకంటించుకున్నోళ్లని మిమ్మల్నే జూశా. ఇంక మిమ్మల్ని పిలిచేదానికి నోరు రాక, ఏడ్చుకుంటా బస్సెక్కి ఏటపాలెం పోయి అన్నయ్యగారి కాళ్ల మీద పడ్డా."

అయ్యగారు కళ్లజోడు పెట్టుకుని కాగితం మొత్తం పైకి చదివారు. పక్కింటామె కూడబలుక్కుంటూ మొదటి రెండు ముక్కలు చదివి, మిగతావి అక్షరాలు చిన్నవని వదిలేసిందట. హార్మోనియం గంటల దగ్గరికి వచ్చేసరికి అయ్యగారి గొంతు మారింది. అంట్ల దగ్గర నాన్న మీసాలు కదిలాయి. "బి.ఏ. పరీక్షలు ముగిసిన రోజున ఈ కాగితం చెల్లదు" అని చదివి అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అత్తమ్మ ఒక్క క్షణం మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత కొడుకు వీపు మీద ఒక్కటి వేసి, అదే చేత్తో తల నిమిరి, హాల్లో నేల మీద చతికిలబడి, కళ్లలో నీళ్లు కారేదాకా నవ్వింది. నా గుండెల మీది బండ దిగిపోయింది.

దిగిందనుకుంటుండగానే మా నాన్న ఇంకొకటి ఎత్తారు. "అది సరే. ఇంత గోల దేనికి? పెళ్లయింది, ఉద్యోగం ఉంది. ఇంకా బి.ఏ. ఎందుకమ్మా? చదువు మానెయ్. తూర్పు గదిలో మంచం వేసేద్దాం." నా కన్నతండ్రి అన్నమాట! నేను మా ఆయన వైపు చూశాను. ఆయన మామగారి వైపు ఒకసారి చూసి, గోడ మీది కాగితం అంచు సరిచెయ్యడం మొదలుపెట్టారు.

"అన్నయ్యగారూ, మీరట్టా అనమాకండి," అంది అత్తమ్మ. "నాకు చదువొచ్చుంటే నిన్న ఆ కాగితం నేనే చదువుకొని, తలుపు బాది, ఇద్దరికీ నాలుగు తగిలించి, అన్నం దిని పడుకునేదాన్ని గదా. రాకనేగా పరాయి మనిషి నోట రెండు ముక్కలిని ఊళ్లెంట ఏడ్చింది. ఆ పిల్ల చదవాల్సిందే. మంచం వాడి గదిలో ఎయ్యండి."

"మరి నా హార్మోనియం?" అన్నారు మా ఆయన.

"నీ చిన్నప్పట్నుంచీ ఇంటానే ఉన్నాగా అబ్బయ్యా. కాస్త ఆగితే నష్టం లేదు."

నాన్నకు ఇంక మంచం పట్టుదల ఒక్కటే మిగిలింది. తను చేసిన మంచం పట్టకపోవడమేమిటని, అది ఇంటాయన ద్వారబంధం తప్పేనని అందర్నీ లేపారు. గోతాలు విప్పగానే మిరప ఘాటు గుప్పుమంది. తుమ్ములు మొదలయ్యాయి. తుమ్ముకొకసారి మంచం దించుతూ, ఎత్తుతూ, పడమటి గది గుమ్మం దాకా తెచ్చాం. "నేను అవతల నుంచి లాగుతాను" అని అయ్యగారు గదిలోకి దూరారు. మంచం సగం లోపలికి వెళ్లి బిగుసుకుపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. లోపల అయ్యగారు, బయట మేము. ఆ గది కిటికీకి ఊచలు. "కంగారు పడకండి, ప్రార్థన చేస్తాను" అని లోపల్నుంచి మొదలుపెట్టి, "పరలోకమందున్న..." అనేసరికి తుమ్ము. మళ్లీ "పరలోక..." మళ్లీ తుమ్ము. అత్తమ్మ వంటింట్లోకి పారిపోయి నవ్వుకుంది. చివరికి ఇంటాయన దగ్గర పనిముట్లు తెచ్చి, నాన్న తలుపు రెక్కలు రెండూ ఊడదీశారు. దాంతో కలిసొచ్చిన రెండంగుళాలూ చాలాయి. మంచం లోపలికి, దాని మీదుగా అయ్యగారు బయటికి, ఇంచుమించు ఒకేసారి వచ్చిపడ్డారు. ఆయన తెల్లచొక్కా వీపంతా ఎర్రగా మిరపదుమ్ము.

పొద్దు వాలకముందే నాన్న, అయ్యగారు బస్సెక్కారు. అత్తమ్మ నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజులూ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ, "ష్, గట్టిగా మాట్టాడమాకండి, కోడలు చదువుకుంటంది" అని ఎంత గట్టిగా చెప్పిందంటే, నేను మళ్లీ చెవుల్లో దూది పెట్టుకోవాల్సి వచ్చింది. సెకండ్ క్లాసులో పాసయ్యాను.

ఇప్పుడు తలచుకుంటే నవ్వొచ్చేది మంచానికీ కాదు, తుమ్ములకూ కాదు, నా వాలకానికి. ఆ ఆదివారం సాయంత్రం అందరి హడావుడీ సద్దుమణిగాక నేను నా గదిలోకి వెళ్లాను. పరీక్షలకు నెల కూడా లేదు, ముందు బోలెడు పుస్తకాలు. ఒక్క పేజీ తిప్పలేదు. కిటికీ పక్కన నేల మీద కూర్చుని, ఇంటాయన కల్లంలో ఎండుతున్న మిరపకాయల్ని చూస్తూ ఊరికే ఉండిపోయాను. ప్రపంచంలో తన చదువు ఒక్కటే పెద్ద ప్రమాదంలో పడి బయటపడిందని అనుకుంటూ, ఊపిరి పీల్చుకుంటూ కూర్చున్న ఆ ఇరవైమూడేళ్ల పిచ్చిపిల్ల దగ్గరికి వెళ్లి పక్కన కాసేపు కూర్చోవాలని ఇప్పటికీ అనిపిస్తుంది. ఏమీ చెప్పను. ఆ ప్రమాదం అంత పెద్దదేం కాదని చెబితే నమ్మదు కూడా.