ఒంటి చెప్పు తాకట్టు

సముద్రం ఒడ్డున నగరపాలక సంస్థ ఆటస్థలంలో సామాను గది మా పెద్దమ్మది. అంటే ఆవిడ సొంతమని కాదు, కాని ఆ మాట ఆవిడతో అనే ధైర్యం ఎవరికీ లేదు. బంతులు, షటిల్ బ్యాట్లు, క్యారమ్ బోర్డులు అన్నీ ఆవిడ కిటికీలోంచే బయటికి వెళ్లాలి, చీకటి పడకముందే తిరిగి రావాలి. కోపం ముక్కు మీదే ఉండేది. కాని మోకాలు చెక్కుకుపోయి ఎవరైనా ఏడుస్తూ వస్తే, మందు రాస్తూ తనూ ఏడ్చే రకం. అందుకే ఆవిడ తిట్లను పిల్లలెవరూ లెక్కచేసేవారు కాదు.

ఏ వస్తువు కావాలన్నా ఒక చెప్పు తాకట్టు పెట్టాలి. ఆ పద్ధతి పెద్దమ్మే కనిపెట్టింది. "రెండూ పుచ్చుకుంటే వట్టి కాళ్లతో ఇంటికి చెక్కేస్తారు. ఒక్కటే పుచ్చుకుంటే, చేతిలో మిగిలింది చూసుకుని చచ్చినట్టు తిరిగొస్తారు" అనేది. గదిలో మూడు అరల నిండా ఒంటి చెప్పులే. పిల్లల పేర్లు ఒక్కటీ గుర్తుండేవి కావు గాని, చెప్పు చూసి ఎవరిదో ఇట్టే చెప్పేసేది. "మీవాడి మడమ బయటికొచ్చేసింది, కొత్తవి కొనండమ్మా" అని తల్లులకు కబురు పెట్టేది. ఇరవై రెండేళ్లలో ఒక్క బంతీ పోలేదు. ఇంటికొచ్చిన చుట్టాలకి మంచినీళ్లతో పాటు ఈ మాట కూడా అందించేది. వినీ వినీ మాకు విసుగొచ్చేసింది.

ఆ వేసవిలో నేను ఉద్యోగ పరీక్షకి చదువుకుంటున్నాను. ఇంట్లో గోల భరించలేక సాయంత్రాలు ఆ గదిలోనే కూర్చునేదాన్ని. రోజూ ఒక పిల్ల షటిల్ కోర్టు కంచె పట్టుకుని నిలబడేది. పదేళ్లుంటాయేమో. "ఏమే, కంచెకి కాపలా ఉద్యోగమా? వచ్చి బ్యాట్ తీసుకోవచ్చుగా!" అని పెద్దమ్మ కిటికీలోంచి కేకేస్తే నవ్వి పక్కకి తప్పుకునేది.

ఒకరోజు ముగ్గురు ఆడపిల్లలకి నాలుగో మనిషి తక్కువైంది. ఈ పిల్లని పిలిచారు. పిల్ల మొహం వెలిగిపోయింది. పరుగున కిటికీ దగ్గరికొచ్చింది.

"చెప్పు పెట్టు" అంది పెద్దమ్మ.

"లేదు పెద్దమ్మా."

"గోడ దగ్గర విడిచావా? పోయి పట్టుకురా. నా దగ్గర ఈ వేషాలు కుదరవు."

తప్పు పెద్దమ్మ ఒక్కదానిదే అనను. ఆ మైదానంలో అందరూ వట్టి కాళ్లతోనే ఆడతారు, ఒక చెప్పు అరలో, రెండోది గోడ పక్కన. ఎవరికి ఉన్నాయో, ఎవరికి లేవో చూసి చెప్పడం ఎవరి తరం? నేనూ చూశాను, నాకూ తట్టలేదు.

పిల్ల వెళ్లింది, మళ్లీ రాలేదు. చాలాసేపు చూశాక ఆ ముగ్గురిలో ఒకతె వచ్చి చెప్పింది. "దానికి నిజంగానే లేవు పెద్దమ్మా. అక్కకీ దానికీ కలిపి ఒకటే జత. పొద్దున ఒంటిపూట బడికి ఇది వేసుకుంటుంది, సాయంత్రం పనికి వాళ్లక్క వేసుకెళ్తుంది."

పెద్దమ్మ అరల వైపు తిరిగింది. వాటిలోని ఒంటి చెప్పుల్ని చూస్తూ అలాగే నిలబడిపోయింది.

నాలుగు రోజులు పిల్ల జాడ లేదు. కంచె వైపు చూసీ చూసీ పెద్దమ్మ నా మీద విసుక్కునేది. ఐదో రోజు కనిపించింది, ఈసారి ఇంకాస్త దూరంగా. పెద్దమ్మ బ్యాట్ పట్టుకుని, గది వదిలి తనే వెళ్లింది. వెనకే నేనూ.

"చెప్పు లేదండీ" అంది పిల్ల, అడక్కముందే. పెద్దమ్మా అని కూడా అనలేదు.

పెద్దమ్మ తన ఎడమకాలి చెప్పు విడిచి నా చేతికిచ్చింది. "దీని పేరున అరలో పెట్టు. నువ్వు పోయి ఆడుకోవే" అంటూ పిల్లకి బ్యాట్ అందించింది.

ఆ పిల్ల ఆట చెప్పుకోదగ్గదేమీ కాదు. గాలిని కొట్టినన్నిసార్లు షటిల్‌ని కొట్టలేదు. కాని ఆ నవ్వు గదిలోకి వినిపించింది. పెద్దమ్మ ఒంటి చెప్పుతో కుంటుకుంటూ తిరిగింది. నాకు నవ్వొచ్చింది.

మర్నాడు అరలు ఖాళీ. "పేరు చెప్పి తీసుకెళ్లండి, చాలు" అంది. పేర్లు గుర్తుండక అందరినీ తప్పుగా పిలిచి నవ్వులపాలైంది.

నెల తిరిగేసరికి రెండు బంతులు పోయాయి. సూపర్‌వైజరు రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. "ఏంటమ్మా ఇది? ఇరవై రెండేళ్లుగా ఒక్కటీ పోలేదని చెప్పేదానివి కదా?"

"నిజమే, అప్పుడు బంతులు పోలేదు సార్" అంది పెద్దమ్మ. "ఈ కిటికీ దాకా రాలేక తిరిగెళ్లిపోయిన పిల్లలెంతమందో ఆ పుస్తకంలో రాసుందేమో చూడండి."