డీజిల్ మూత మీద పసుపు

మొన్న మా ఇంటికి ట్రాక్టరు వచ్చింది. కొత్తదేం కాదు, ఎవరో ఆరేళ్ళు వాడి వదిలించుకున్నది. మాకు మాత్రం కొత్తది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, పసుపు గిన్నె పట్టుకుని బానెట్టుకి రాశాను, మడ్‌గార్డులకి రాశాను, స్టీరింగుకి బొట్లు పెట్టాను. డీజిల్ ట్యాంకు మూత దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. "ఏందే, దానికి పెట్టవా?" అన్నాడు మా ఆయన. వినపడనట్టు గిన్నె పక్కన పెట్టేశాను.

మూడేళ్ళ కిందటి సంగతి. అంతకు ముందు ఏడు నల్ల తామర పురుగు పడి మా మిరప పూత పూతగానే రాలిపోయింది. ఆ ఏడు కాయ విరగకాసింది గానీ మా ఆయన మొహంలో నవ్వు లేదు. "ఈ పంట గూడా చెయ్యి జారిందా, మళ్ళీ చేలో కాలు పెట్టను. తాడేపల్లి పోయి ఏ అపార్ట్‌మెంటు ముందో కుర్చీ ఏసుకుని కూర్చుంటా" అనేవాడు. అన్నం తిన్న పావుగంటకే గురకపెట్టే మనిషికి వాచ్‌మెన్ ఉద్యోగం ఎవరిస్తారని ఆటపట్టించేదాన్ని. పైకి అంతే. లోపల నా భయం వేరు. ఆ ఏడాది పొడుగునా పురుగుమందు డబ్బాలున్న గదికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని తిరిగాను. మందు కొట్టాల్సిన రోజున నేనే తీసి ఇచ్చి, మిగిలింది నేనే లోపల పెట్టేదాన్ని. ఎందుకని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

కాయ కోసి చేలోనే కల్లం చేసి ఆరబోశాం. దర్శి నుంచి మా ఊరికి మంచి రోడ్డే ఉంది గానీ ఊళ్ళోంచి మా చేలోకి వెళ్ళే రెండు కిలోమీటర్ల డొంక మాత్రం ఉత్త నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే మనిషి చెప్పులు కూడా వదిలేసి రావాల్సిందే. ఒక ఆదివారం నాటికి సగం కాయ గోతాల్లో తొక్కి టిక్కీలు కట్టేశారు, మిగతా సగం కల్లంలోనే ఉంది. పంట మొదటిసారి ఇల్లు చేరేనాడు బండికి పసుపు రాయడం మా ఇంటి ఆనవాయితీ. ఏటా నాలుగు బొట్లతో సరిపెట్టేదాన్ని. ఆ పొద్దున మాత్రం చేలో నిలబెట్టిన మా పాత ట్రాక్టరుకి, గుండెల్లో ఎంత భయం ఉందో అంత మందంగా మెత్తాను. చెయ్యి అందిన చోటల్లా రాశాను, డీజిల్ మూతతో సహా.

మధ్యాహ్నం మూడింటికి పడమట మబ్బు లేచింది. మార్చిలో వానేమిటని అనుకునేలోపే గాలి చల్లబడింది. వెనక తగిలించిన ట్రక్కు నిండా టిక్కీలు ఎక్కించి మా ఆయన ట్రాక్టరు తీశాడు. పట్టుమని పది నిమిషాలు కూడా నడవకముందే దగ్గి, నల్లపొగ కూడా రాకుండా ఆగిపోయింది. మళ్ళీ తాళం తిప్పితే తిరుగుతోంది గానీ అందుకోదు. మా వైపు ట్రాక్టరు మొరాయిస్తే ప్రతివాడూ మెకానిక్కే. బ్యాటరీ అన్నారు ఒకరు, ఫిల్టరు అన్నారు ఇంకొకరు. పక్క చేలవాళ్ళొచ్చి నెట్టారు. మా ఆయన మూత తీసి డీజిల్ ఉందో లేదో చూసి బిగించాడు. ఈసారి స్టార్టయింది! చప్పట్లు కొట్టాం. ఎదుటి చేను గట్టు దాటకుండానే మళ్ళీ చచ్చింది. గాలి పట్టిందని ఫిల్టరు బోల్టు వదులు చేసి, డీజిల్ బుడగలు పోయేదాకా చేత్తో పంపు కొట్టాడు. చేతులు బొబ్బలెక్కాయి. అది కిమ్మనలేదు. కూలికొచ్చిన పెద్దమ్మ ఒకామె "ఒరేయ్, కొట్టింది చాల్లే, ముందు పట్టాలు కప్పండిరా" అని అరిచింది. పట్టాలు కల్లానికి సగానికే వచ్చాయి. మా ఆయన స్టీరింగు మీద తల ఆనించి, "అయిపోయిందే" అన్నాడు. ఏడవలేదు. నా చెయ్యి తనంతట తానే బొడ్లో తాళంచెవిని తడుముకుంది.

అప్పుడు వచ్చాడు మేస్త్రి. పక్క ఊళ్ళో ట్రాక్టర్లు బాగుచేసేవాడు, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించేవాడు. మా ఆయన చేసిన ఫోను చూసుకుని ప్రార్థన బట్టల్లోనే బండేసుకుని వచ్చాడు. రెంచీ కూడా తీయకుండా డీజిల్ మూత తిప్పాడు. సుయ్‌మని లోపలికి గాలి లాక్కున్న చప్పుడు. "ఇన్నావా అన్నా? ట్యాంకుకి ఊపిరాడట్లా. మూత మీద బెజ్జం మూసుకుపోయింది. డీజిలు కిందికి ఎట్లా దిగుద్ది?" అని నా వైపు తిరిగి, "అక్కా, పిన్నీసుందా?" అన్నాడు. గాజులకున్న పిన్నీసు తీసి ఇచ్చాను. బెజ్జంలో పొడిచి తిప్పితే ఎండిన పసుపు ముద్ద బయటికి వచ్చింది. అతను దాన్ని చూశాడు, నా వేళ్ళని చూశాడు. తెల్ల చొక్కాకే పిన్నీసు తుడుచుకుని, "దుమ్మన్నా, కల్లం దుమ్ము" అన్నాడు.

ఆ లోడు ఇల్లు చేరింది. రెండో లోడుకి తిరిగి వెళ్ళేసరికి వాన దిగింది. పట్టాల కింద నీళ్ళు పారి, కల్లంలో ఉన్న సగం కాయ తడిసి తెల్లబారి తాలు అయిపోయింది. సగం దక్కింది. మా ఆయన తాడేపల్లి పోలేదు. ఆ తాలు ఏరుతూ నేను రాల్చిన కన్నీళ్ళకి కారం ఘాటు మీద నెపం పెట్టాను.

మొన్న పూజ అయ్యాక ఇక ఆగలేక ఆయనకి చెప్పేశాను. ఆ రోజు మూసుకుపోయింది దుమ్ముతో కాదు, నా పసుపుతో అని. ఆయన ట్రాక్టరు మీద నుంచి దిగకుండానే, "తెలుసులేవే. నా చేత్తో మూత తీసి చూశాగా, నీ వేళ్ళ అచ్చులు పడున్నాయి దాని మీద. బెజ్జం సంగతి తట్టలా, మేస్త్రి పొడిచాక తెలిసింది" అన్నాడు. మరి ఒక్కసారన్నా తిట్టలేదేమని అడిగాను. "మందుల గదికి తాళం ఎందుకేశావని నేను అడిగానా?" అన్నాడు.

మిరపకాయ రంగు పోవడానికి ఒక్క వాన చాలింది. ఈ రెండు మాటలు మేం ఒకరికొకరం చెప్పుకోవడానికి మూడు వానాకాలాలు పట్టింది.