సాయిబుగారి గుర్రానికి ఊపిరాడని చలికాలం

డెబ్బయ్యో దశకం మొదట్లో నేను రేపల్లెలో పశువుల డాక్టరుగా పనిచేసేవాణ్ణి. కాపురం తెనాలిలో. పొద్దున్నే రైలు దిగేసరికి స్టేషన్ బయట ఒక సాయిబుగారి జట్కా నా కోసం ఆగి ఉండేది. ఆ ఏడు చలికాలంలో ఉన్నట్టుండి జట్కా రావడం మానేసింది. విసుక్కుంటూ నడిచి వెళ్లేవాణ్ణి. కొన్నాళ్లకు ఆయనే ఆసుపత్రి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"మా అమ్మాయికి ఊపిరాడట్లేదండి. ఒక్కసారి వచ్చి చూడండి డాక్టరుగారూ."

అమ్మాయి అంటే గుర్రమే. పిల్లలు లేని ఆ ఇంట్లో దానికి వేరే పేరు లేదు.

వెళ్లి చూస్తే నాకు ఒళ్లు మండింది. మంచు తగలకూడదని పాకకు నాలుగు వైపులా తాటాకు తడికలు కట్టి, సందుల్లో గోనెగుడ్డలు కుక్కాడు. కింద మోకాలి లోతు వరిగడ్డి, అదీ తుపాను వానకు తడిసి బూజు పట్టింది. అది చాలదన్నట్టు దగ్గుకు మంచిదని సాంబ్రాణి పొగ! ఆ మధ్యలో గుర్రం ముక్కుపుటాలు విప్పార్చి డొక్కలు ఎగరేస్తోంది.

"గుర్రాన్ని పెంచుతున్నారా, మామిడికాయలు మాగేస్తున్నారా?" అని అరిచాను. నా నోరు అంతే.

ఆయన తల దించుకున్నాడు. తడికలు విప్పుతూ చెప్పాను. బూజు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళితే దాన్ని తరిమేయడానికి నెత్తురులోని తెల్లకణాలు గుంపులుగా వస్తాయి. దుమ్ము రోజూ వెళుతుంటే అవీ రోజూ వస్తాయి. లోపల వాపు పుట్టిస్తాయి, గాలి గొట్టాలు పూడుకుపోతాయి.

"కాపాడదామని వచ్చినవే ఊపిరికి అడ్డం పడతాయి సాయిబుగారూ."

కింద పడిన తడికల వంక చూశాడాయన. "అంటే నాలాగేనన్నమాట" అన్నాడు మెల్లగా.

నా కోపమంతా దిగిపోయింది. ఆ మనిషి మీద చెప్పలేనంత జాలి కలిగింది.

"బతుకుతుందాండీ?"

"ఈ జబ్బు పూర్తిగా పోదు. కానీ దుమ్ము తగలకపోతే బతుకుతుంది. ఆరుబయట కట్టండి. పచ్చిగడ్డి పెట్టండి."

"ఇంత మంచులోనాండీ?"

"మంచు దాన్నేమీ చేయదు."

నమ్మలేదు గాని, నా మాట కాదనలేదు. గుర్రాన్ని బయట కట్టి, తన మంచం కూడా దాని పక్కనే వేసుకున్నాడు. "నాకు జ్వరమొస్తే ఒక్కరోజైనా మేలుకున్నాడేమో అడగండి!" అని ఆయన భార్య నాతో నవ్వుతూ చెప్పింది.

రోజూ రైలు దిగి ముందు అక్కడికే వెళ్లేవాణ్ణి. దగ్గు తగ్గింది, డొక్కలు నెమ్మదించాయి. ఆయన మాత్రం రోజూ ఒకటే అడిగేవాడు.

"బొంత కప్పనాండీ?"

"వద్దు. బొంతలో దుమ్ముంటుంది."

ఒకరోజు మంచుకు రైలే ఆలస్యమైంది. వెళ్లేసరికి ఆయన వణుకుతూ గుర్రం వీపు మీది తడిని అరచేత్తో తుడుస్తున్నాడు. అది ఆయన భుజం మీద తల ఆనించి, చప్పుడు లేకుండా ఊపిరి పీలుస్తోంది. దాని రొమ్ముకు చెవి ఆనించి విన్నాను. గురక లేదు.

"సరే, కప్పండి. కాకపోతే శుభ్రంగా ఉతికి..." అంటుండగానే ఆయన లోపలికి పరిగెత్తి బొంత తెచ్చాడు. సబ్బు వాసన వేస్తోంది.

"రోజూ ఉతికి ఆరేస్తున్నానండి" అన్నాడు. "ఎప్పుడో ఒకప్పుడు మీరు సరేనంటారని."