ఖాజాబీ తడి చెయ్యి

ఆవకాయ వాసనకు మీ అందరికీ నోరూరుతుంది. నాకు మాత్రం తినని చీపురు దెబ్బకు వీపు చురుక్కుమంటుంది.

ఉప్పుగూడ గల్లీ దోస్తులారా, గుర్తుందా? డెబ్బైలలో ఏ ఇంట్లో ఆవకాయ పెట్టినా, మా పక్కింటి ఖాజాబీ ఉప్పు చూసి "బరాబర్ ఉంది" అంటేనే జాడీకి గుడ్డ కట్టేవారు. సర్కారు ముద్ర కూడా అంత గట్టిది కాదు.

ఒక ఎండాకాలం, తొమ్మిదేళ్ల మేధావినైన నేను నీళ్లు కారుతున్న చేతిని మా జాడీలో ముంచాను. కొన్నాళ్లకు ఏడాది పచ్చడంతా బూజు పట్టింది. అమ్మ అనుమానం నా మీదే. చీపురు అందుకుంది.

"ఠైరో, ఆగు లచ్చమ్మా! ఉప్పు చూసిననాడు నా చెయ్యే తడిగ ఉండె. పిల్లనేమనకు" అంది ఖాజాబీ.

మరుసటి ఏడు గల్లీలో ఎవరూ ఆమెను ఉప్పు చూడటానికి పిలవలేదు. అమ్మ ఒక్కతే పిలిచింది.

పోయిన వారం ఖాజాబీ కన్నుమూసింది. ఇన్నేళ్ల రహస్యాన్ని నిన్న సగౌరవంగా బయటపెట్టాను. "అమ్మా, ఆ తడి చెయ్యి నాది."

అమ్మ కళ్లు తుడుచుకుంది. "నాకు తెల్వదా? కొంగుకు చెయ్యి తుడ్వకుండ ఖాజాబీ జాడీ ముట్టిందా ఎన్నడన్న? ఆమె మాట పోవద్దని నిన్ను ఇడిసిపెట్టిన. ఇగ నిన్ను కాయనీకి ఆమె లేదు, వీపు పైలం!"