కదిలిన విత్తనం

ఆ కర్మాగారంలో కొలిమి చూసే ఆమెను అందరూ కొలిమక్క అనేవారు. ఆమెకు ఆ ఉద్యోగం ఇప్పించింది, అక్కడే పనిచేసే ఆమె వదినే. "ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఇంట్లో సగం, ఇక్కడ సగం, నాకు మొత్తం మొగుడే!" అని నవ్వేది వదిన.

వాళ్ళు చేసేవి కంచమంత నల్లటి బిళ్ళలు. ద్రవ నత్రజనిలో చల్లబరిస్తే అవి కరెంటుకు ఏమాత్రం అడ్డుపడవు, అయస్కాంతాన్ని గాలిలో నిలబెడతాయి. రాపిడి లేకుండా తిరగాల్సిన బరువైన చక్రాలకు వాటిని వాడతారు. పొడిని ఒత్తి చేసిన బిళ్ళ నడిమధ్యన వదిన చిన్న పట్టకారుతో బియ్యపుగింజంత స్ఫటికం పెట్టేది. దాన్నే విత్తనం అనేవారు. కొలిమిలో మెత్తబడిన బిళ్ళ రోజుల తరబడి మెల్లగా చల్లారుతూ, విత్తనం ఎటు తిరిగి ఉంటే అటే, మొత్తం ఒకే స్ఫటికంగా పెరగాలి.

అంతవరకు ఎన్నడూ చేయనంత పెద్ద బిళ్ళ అది. కొలిమక్క ఫోను చెవికి ఆనించుకుని మాట్లాడుతూనే పళ్ళెం లోపలికి తోసింది. పళ్ళెం అంచు కొలిమికి తగిలి విత్తనం ఒరిగింది. ఆమె చూసింది. వదినను మళ్ళీ పిలవాలంటే బద్ధకమేసింది. 'ఏం కాదులే' అనుకుని తలుపు మూసేసింది.

బయటికి తీశాక ఆ బిళ్ళ ఒకే స్ఫటికంగా కాక, ముక్కముక్కా ఒక్కో దిక్కుకు మెరిసింది. మేనేజరు మొహం మాడ్చుకుని, "విత్తనం వంకరగా పెట్టారు," అన్నాడు.

వదిన తన చేతులకేసి చూసుకుంది. "వయసు మీద పడింది కదా సార్, వణికాయేమో."

కొలిమక్క ఖాళీ పళ్ళెం తీసుకుని కొలిమి వైపు తిరిగింది.

వదినను ప్యాకింగుకు మార్చారు. పట్టకారు కొలిమక్క చేతికొచ్చింది. ఆమె చేసిన బిళ్ళ మీద ఇటుకంత అయస్కాంతం తేలిన రోజు, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది వదినే. "మా ఆడపడుచే!" అని పక్కవాళ్ళకు చూపించింది. కొలిమక్కకు అక్కడే భూమిలో కూరుకుపోవాలనిపించింది. తిన్నగా మేనేజరు గదికి వెళ్ళి జరిగింది చెప్పేసింది. తర్వాత వదిన దగ్గరికొచ్చింది.

"నీ చేతులు వణకలేదు వదినా. పళ్ళెం నేనే తగిలించా. చూసి కూడా నోరు మూసుకున్నా."

వదిన అట్టపెట్టెకు టేపు అంటిస్తూ ఆగిపోయింది. "ఆ రోజే చెప్పుంటే ఇద్దరం కలిసి తిట్లు తినేవాళ్ళం. అంతే కదే," అంది.

మర్నాడు మేనేజరే వదినను పాత బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. పట్టకారు పట్టుకోగానే ఆమె వేళ్ళు నిజంగానే వణికాయి. "వణుకుతాయని నమ్మి నమ్మి, వీటికీ అదే అలవాటైనట్టుంది," అంటూ లేచి ప్యాకింగుకు వెళ్ళిపోయింది.

ఇప్పుడు ప్రతి బిళ్ళకూ విత్తనం పెట్టాక కొలిమక్క వదినను పిలుస్తుంది. వదిన వచ్చి, వంగి చూసి, "కాస్త ఎడమకి," అంటుంది. కొలిమి తలుపు పూర్తిగా మూసుకునేదాకా అక్కణ్ణుంచి కదలదు. తన మీద నమ్మకం లేకనా అని అడిగే ధైర్యం కొలిమక్కకు ఇంకా రాలేదు.